సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలో ఏం జరుగుతుంది: బెజవాడ, గుంటూరు అభ్యర్థులకు సమగ్ర మార్గదర్శి

ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పరీక్షలో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. ఒక్కో ప్రశ్నకు దక్కేది 67 సెకన్లకు కాస్త పైన, పైగా తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. ఈ లెక్కకు తగ్గట్టుగా విజయవాడ, గుంటూరు హాస్టళ్లలో రెండేళ్ల పాటు సాగే స్టడీ అవర్లు పిల్లలకు ఒక అలవాటును ఒంటబట్టిస్తాయి: పెదవి కదపకుండా లెక్క తేల్చాలి, తేలకపోతే ఏదో ఒక ఆప్షన్ పెట్టి ముందుకు సాగాలి. ఆ పరీక్షకు అది మంచి అలవాటే. నాలుగేళ్ల తరువాత సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకు కూర్చున్న నాడు మాత్రం అదే కొంప ముంచుతుంది, ఎందుకంటే అక్కడ 45 నిమిషాలకు ఒకటో రెండో ప్రశ్నలు ఉంటాయి, ఆప్షన్లు ఉండవు, మనం పైకి చెప్పినదే లెక్కలోకి వస్తుంది.

ఇది నాకు దెబ్బ తిన్నాక తెలిసింది. కాలేజీ బయట నేను ఇచ్చిన మొదటి ఇంటర్వ్యూలో ప్రశ్న వినగానే తలవంచుకుని పదిహేను నిమిషాలు కాగితం నింపాను. జవాబు సరిగ్గానే వచ్చింది, ఉద్యోగం మాత్రం రాలేదు. కొన్నేళ్ల తరువాత బల్లకు అవతలి వైపు కూర్చుని అభ్యర్థుల గురించి నివేదికలు రాయవలసి వచ్చినప్పుడు కారణం బోధపడింది. ఆ నివేదికలో సమస్యను ఎలా అర్థం చేసుకున్నారు, ఏయే దారులు పరిశీలించారు, కోడ్ ఎలా రాశారు, తప్పులను ఎలా పట్టుకున్నారు అని వేర్వేరు గడులు ఉంటాయి. మౌనంగా కూర్చున్న మనిషి గురించి వాటిలో రాయడానికి ఏమీ దొరకదు.

మొదటి అడుగు: ఎన్ని అంచెలు ఉంటాయో తెలుసుకోవడం

క్యాంపస్ ప్లేస్‌మెంట్లలో సాధారణంగా ముందు కంపెనీ వారి ప్రసంగం, తరువాత ఆన్‌లైన్ పరీక్ష, ఆపైన టెక్నికల్ ఇంటర్వ్యూ, చివరన హెచ్‌ఆర్ ఇంటర్వ్యూ ఉంటాయి. ఇతర కంపెనీల కోసం సాఫ్ట్‌వేర్ పనులు చేసిపెట్టే పెద్ద సర్వీస్ కంపెనీలు వేల మందిని ఒకేసారి వడపోయాలి కాబట్టి అక్కడ ఆన్‌లైన్ పరీక్షకే బరువు ఎక్కువ. టీసీఎస్ నిర్వహించే ఎన్‌క్యూటీ అనే అర్హత పరీక్ష ఇందుకు మంచి ఉదాహరణ: ఒకే పరీక్షలో చూపిన ప్రతిభను బట్టి నింజా, డిజిటల్, ప్రైమ్ అనే వేర్వేరు స్థాయుల ఉద్యోగాలకు అభ్యర్థులను విడదీస్తారు, జీతంలోనూ ఆ తేడా కనిపిస్తుంది. ఇలాంటి చోట్ల పదో తరగతి నుంచి డిగ్రీ వరకు 60 శాతం మార్కులు, పెండింగ్‌లో ఉన్న బ్యాక్‌లాగ్‌లు వంటి నిబంధనలు తరచుగా ఉంటాయి కనుక, దరఖాస్తుకు ముందే వాటిని చదువుకోవాలి.

సొంత సాఫ్ట్‌వేర్ తయారుచేసి అమ్మే ప్రోడక్ట్ కంపెనీల పద్ధతి వేరు. రిక్రూటర్ ఫోన్ చేసి ఇరవై నిమిషాలు మాట్లాడతారు, తరువాత గంట నుంచి రెండు గంటల కోడింగ్ పరీక్ష ఉంటుంది, అది దాటితే ఒక్కోటి 45 నుంచి 60 నిమిషాలు సాగే టెక్నికల్ అంచెలు రెండు నుంచి నాలుగు దాకా ఉంటాయి. అమెజాన్‌లో ప్రతి అంచెలోనూ ఆ కంపెనీ ప్రకటించుకున్న 16 నాయకత్వ సూత్రాలకు ముడిపెట్టి మీ అనుభవాలను అడుగుతారు. నియామకం చేసుకునే బృందానికి చెందని బార్ రైజర్ అనే వ్యక్తి కూడా ఒక అంచెలో కూర్చుంటారు. పదిమంది పనిచేసే చిన్న కంపెనీలో ఈ హంగులేవీ ఉండవు, సాయంత్రానికల్లా చేసి చూపమని ఒక చిన్న పని అప్పగించవచ్చు. ఏది ఏమైనా రిక్రూటర్ మొదటి ఫోన్ చేసినప్పుడే ఎన్ని అంచెలు, ఒక్కోదానిలో ఏం చూస్తారు, ఏ భాషలో కోడ్ రాయవచ్చు అని అడిగి రాసుకోవడంలో తప్పు లేదు. మనవాళ్లు ఇది అడగడానికి ఎందుకో మొహమాటపడతారు.

రెండవ అడుగు: రెజ్యూమె, అందులోని ప్రాజెక్టు

కొత్తగా చదువు ముగించిన వారికి ఒక పేజీ చాలు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, మతం, పాస్‌పోర్టు ఫొటో, చివరన పై వివరాలన్నీ నిజమేనన్న ప్రమాణం, ఇవేవీ అవసరం లేదు. తెలిసిన భాషల వరుసలో సి, జావా, పైథాన్, ఆర్, గో అని ఐదు పేర్లు రాస్తే ఐదింటిలోనూ ప్రశ్నలు వస్తాయి కాబట్టి నిజంగా రాసే రెండింటిని మాత్రమే ఉంచాలి.

అసలు చిక్కు ప్రాజెక్టు దగ్గర వస్తుంది. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టును డబ్బిచ్చి ప్రాజెక్టు సెంటర్‌లో కొనుక్కోవడం మన దగ్గర బహిరంగ రహస్యమే, ఇంటర్వ్యూ చేసే వారిలో చాలామంది ఈ కాలేజీల నుంచే వచ్చారు కనుక వారికీ అది తెలుసు. ముఖాన్ని గుర్తుపట్టి హాజరు వేసే ప్రాజెక్టు అని రెజ్యూమెలో కనిపించగానే సంభాషణ ఇలా నడుస్తుంది.

“ఎన్ని ఫొటోలతో పరీక్షించారు?”

“సర్, డేటాసెట్ నెట్‌లో తీసుకున్నాం.”

“మీ తరగతిలో కవల పిల్లలు ఉంటే ఏం జరుగుతుంది? ఒక విద్యార్థి ఫోన్‌లో స్నేహితుడి ఫొటో పెట్టి కెమెరాకు చూపిస్తే?”

ఇక్కడ నిశ్శబ్దం ఆవరిస్తుంది. దీనికి బదులు మీ బాబాయి ఎరువుల దుకాణం కోసం బాకీల పట్టిక చూపే చిన్న ప్రోగ్రాం మీరే రాసి, కోడ్ దాచుకునే గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో పెట్టి ఉంటే, పాత బాకీ మీద వడ్డీ ఎలా లెక్కకట్టారో, ఒకే పేరుతో ఇద్దరు రైతులు వచ్చినప్పుడు ఏం చేశారో అరగంట మాట్లాడగలరు. ప్రాజెక్టు చిన్నదైనా మీరు తీసుకున్న నిర్ణయాలు అందులో ఉండాలి.

మూడవ అడుగు: ఆన్‌లైన్ పరీక్ష

హ్యాకర్‌ర్యాంక్ వంటి వేదికల మీద జరిగే ఈ పరీక్షను మనిషి కాకుండా యంత్రమే దిద్దుతుంది. మీ కోడ్‌ను కనిపించే ఉదాహరణలతో పాటు దాచి ఉంచిన అనేక ఇన్‌పుట్‌ల మీద కూడా నడుపుతుంది. చాలామంది కనిపించే రెండు ఉదాహరణలు పాసవగానే సబ్మిట్ నొక్కి, ఖాళీ జాబితా, ఒకే అంకె ఉన్న జాబితా, రుణ సంఖ్యలు, లక్ష అంకెల జాబితా వంటి దాచిన పరీక్షల్లో మార్కులు పోగొట్టుకుంటారు. పూర్తి జవాబు తట్టనప్పుడు నెమ్మదిగా నడిచే సరైన కోడ్‌నైనా రాసిపెట్టడం మేలు, చాలా వేదికలు పాసైన పరీక్షల మేరకు మార్కులు ఇస్తాయి.

కెమెరా ఆన్‌లో ఉంటుంది, మరో ట్యాబ్‌కు మారితే నమోదవుతుంది. పక్కన స్నేహితుడిని కూర్చోబెట్టుకోవడం, ఏఐ సాధనంతో జవాబు తెచ్చుకోవడం ఇప్పుడు తేలికే గానీ, ఇవి పెరగడం వల్లనే కొన్ని కంపెనీలు కనీసం ఒక అంచెకైనా అభ్యర్థిని ఎదురుగా కూర్చోబెట్టుకోవడం మళ్ళీ మొదలుపెట్టాయి. పైగా మీరు ఆన్‌లైన్‌లో పంపిన జవాబునే తెరిచి, ఈ వరుస ఎందుకు రాశారో చెప్పండి అని అడగడం తరువాతి అంచెలో తరచుగా జరుగుతుంది.

నాలుగవ అడుగు: కోడింగ్ అంచె

మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బరువైనది ఇదే కాబట్టి ఒక ప్రశ్నను మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. గుంటూరు మిర్చి యార్డు నుంచి బయలుదేరే లారీలో కొన్ని టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు ఉన్నాయి, వాటి బరువులు 42, 38, 41, 45, 44 కిలోలు. సరిగ్గా 85 కిలోలు తూగే రెండు టిక్కీలను కనుక్కోవాలి. యార్డును పక్కనపెడితే, ఒక జాబితాలో ఇచ్చిన మొత్తానికి సరిపడే రెండు సంఖ్యలను వెతకమనే ఈ ప్రశ్న ఇంటర్వ్యూలలో ఎంతో పాతది.

కాగితం మీద ఈ ఐదింటిలో 41, 44 ఎవరికైనా కనిపిస్తాయి. ఇంటర్వ్యూ చేసేవారు ఎదురుచూసేది జవాబు కంటే ముందు మీ నోటి నుంచి వచ్చే ప్రశ్నల కోసం. ఒక జత చాలా, అన్ని జతలూ కావాలా? ఒకే టిక్కీని రెండుసార్లు లెక్కించవచ్చా? అసలు అలాంటి జత లేకపోతే ఏం తిరిగి ఇవ్వాలి? బరువులు పూర్ణ సంఖ్యలేనా, 42.3 వంటివి కూడా వస్తాయా? ఈ చివరి ప్రశ్న అడిగిన అభ్యర్థిని నేను వెంటనే గుర్తుపెట్టుకుంటాను. చాలా దశాంశాలను కంప్యూటర్ ఖచ్చితంగా దాచలేదు కాబట్టి బరువులను గ్రాముల్లోకి మార్చి పూర్ణ సంఖ్యలుగా పోల్చడం మేలని తెలిసిన వారికే ఆ సందేహం వస్తుంది.

తరువాత సులభమైన దారిని ముందు చెప్పాలి. ప్రతి టిక్కీని మిగిలిన ప్రతి టిక్కీతో కలిపి చూడవచ్చు. ఐదు టిక్కీలకు 10 జతలే గానీ, 10,000 టిక్కీలకు 4,99,95,000 జతలు, అంటే దాదాపు 5 కోట్ల పోలికలు అవుతాయి. ఈ అంకెను పైకి చెప్పి, ఇది సరైన దారే గానీ నెమ్మదైనది, ఇంతకంటే మంచిది ఉందేమో చూస్తాను అనాలి. మెరుగైన దారి తట్టేదాకా నోరు మూసుకుని ఉండటం మన హాస్టల్ అలవాటు. నెమ్మదైన జవాబైనా బల్ల మీద ఉంటే అవతలి వారు ఒక చిన్న సూచన ఇవ్వగలరు, ఏమీ లేకపోతే దేనికి సూచన ఇస్తారు?

మెరుగైన దారి ఇలా వస్తుంది. 41 చేతిలో ఉన్నప్పుడు కావలసినది 44 ఒక్కటే, మిగిలిన వాటితో పని లేదు. కనుక చూసిన బరువులన్నిటినీ హ్యాష్ మ్యాప్ అనే, వెంటనే వెతుక్కోగలిగే పట్టికలో దాచుకుంటూ పోతే, కావలసిన బరువు ఇంతకు ముందు వచ్చిందో లేదో సగటున ఒక్క వెతుకులాటలో తెలుస్తుంది. 10,000 టిక్కీలకు సుమారు 10,000 అడుగులు చాలు. దీనికి చెల్లించే మూల్యం ఆ మ్యాప్ ఆక్రమించే మెమరీ, దాన్ని కూడా మీరే చెప్పాలి. మెమరీ తక్కువగా ఉంటే ఏం చేస్తారని అడిగినప్పుడు, బరువులను వరుసలో పేర్చి ఒక వేలు మొదటి దాని మీద, ఇంకో వేలు చివరి దాని మీద ఉంచి లోపలికి జరుపుకుంటూ రావడం మరో దారి.

ఇప్పుడు కోడ్ రాయాలి, రాసేటప్పుడూ మాట్లాడుతూనే ఉండాలి. ఇక్కడ ఒక చిన్న గుంట ఉంది, దానిలో సగం మంది పడతారు. మొత్తం 84 కావాలనుకోండి, జాబితాలో 42 ఒక్కటే ఉంది. 42ను ముందు మ్యాప్‌లో దాచి తరువాత దాని జోడీ కోసం వెతికితే అదే 42 తనకు తానే జోడీగా దొరుకుతుంది, లేని జవాబు వచ్చేస్తుంది. ముందు వెతికి, తరువాత దాచాలి. రెండు వరుసల క్రమం మారినందుకే కోడ్ తప్పవుతుంది. దీన్ని రాయగానే పట్టుకోకపోయినా నష్టం లేదు గానీ, పూర్తయ్యాక ‘అయిపోయింది సర్’ అని చేతులు కట్టుకోకుండా ఒక చిన్న ఉదాహరణను వరుస వరుసగా మీ కోడ్‌లో నడిపి చూస్తే అదే బయటపడుతుంది. తన తప్పును తానే పట్టుకున్న అభ్యర్థికి మార్కులు తగ్గించిన ఇంటర్వ్యూయర్‌ను నేను చూడలేదు.

తప్పులు ఎంతటివారికైనా సహజమని చెప్పడానికి ఒక ముచ్చట ఉంది. వరుసలో పేర్చిన జాబితాను సగానికి సగం కోస్తూ వెతికే బైనరీ సెర్చ్ 10 లక్షల అంకెల్లో కూడా 20 పోలికలతో పని ముగిస్తుంది. జావా ప్రామాణిక లైబ్రరీలో దాన్ని రాసిన జోషువా బ్లాక్, అందులో ఒక లోపం దాదాపు తొమ్మిదేళ్లు ఎవరికీ తెలియకుండా ఉండిపోయిందని 2006లో స్వయంగా ప్రకటించారు. మధ్య స్థానం కోసం రెండు చివరలనూ కూడినప్పుడు ఆ మొత్తం 2,14,74,83,647 దాటితే సంఖ్య పొంగిపోయి రుణ సంఖ్యగా మారుతుంది. రెండింటి తేడాలో సగాన్ని మొదటి చివరకు కలిపితే ఆ ఇబ్బంది రాదు.

ఏం సాధన చేయాలన్న ప్రశ్నకు నా జవాబు చిన్నది. అర్రేలు, స్ట్రింగ్‌లు, హ్యాష్ మ్యాప్‌లు, స్టాక్, క్యూ, లింక్డ్ లిస్ట్, ట్రీలు, గ్రాఫ్‌లో వెతుకులాట, రికర్షన్, కొద్దిగా డైనమిక్ ప్రోగ్రామింగ్ చాలు. ఐదు వందల లెక్కలు బట్టీ పట్టడం కంటే, వంద లెక్కలను రూమ్మేట్‌ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పైకి చెబుతూ చేయడం ఎక్కువ ఉపయోగపడుతుంది. రూమ్మేట్‌కు కోడింగ్ రాకపోతే ఇంకా మంచిది, అడ్డు ప్రశ్నలు ఎక్కువ వేస్తాడు.

ఐదవ అడుగు: చదువుకున్న పాఠాల మీద ప్రశ్నలు

డేటాబేస్, ఆపరేటింగ్ సిస్టమ్, నెట్‌వర్క్‌లు, ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ మీద ప్రశ్నలు ముఖ్యంగా సర్వీస్ కంపెనీల్లో తప్పవు. నిర్వచనం అప్పజెప్పడంతో ఆగకుండా ఉదాహరణ ఇవ్వాలి. రెండవ అత్యధిక జీతం ఎంతో చెప్పే వాక్యాన్ని డేటాబేస్‌ల భాష ఎస్‌క్యూఎల్‌లో రాయమని అడగడం ఎప్పటి నుంచో ఉంది. జీతాలను పెద్దది ముందుగా పేర్చి రెండో వరుస తీస్తే సరిపోతుందని అనుకుంటారు గానీ, ఇద్దరికి 90,000 చొప్పున, మూడో మనిషికి 75,000 ఉంటే ఆ జవాబు మళ్ళీ 90,000 అవుతుంది. ఒకే అంకెను ఒక్కసారే లెక్కించే డిస్టింక్ట్ వాడాలి. అందరి జీతమూ ఒకటే అయితే ఏం రావాలో కూడా ముందే అడిగి తెలుసుకోవాలి. ఫీజు కట్టని విద్యార్థులతో సహా అందరి జాబితా కావాలంటే రెండు పట్టికల్లోనూ ఉన్నవారినే చూపే ఇన్నర్ జాయిన్ ఎందుకు పనికిరాదో, మొదటి పట్టికలోని అందరినీ ఉంచే లెఫ్ట్ జాయిన్ ఎందుకు కావాలో చెప్పగలిగితే జాయిన్‌ల మీద మిగిలిన ప్రశ్నలు తేలికవుతాయి.

ఆరవ అడుగు: డిజైన్ అంచె

రెండు మూడేళ్ల అనుభవం దాటిన వారిని ఒక వ్యవస్థ మొత్తాన్ని ఊహించి గీయమంటారు. ఆర్టీసీ టికెట్ రిజర్వేషన్‌ను తీసుకుందాం. విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లే బస్సులో 12వ సీటును బెంజ్ సర్కిల్ దగ్గర ఒకరు, గుంటూరు బ్రాడీపేటలో మరొకరు ఒకే క్షణంలో నొక్కారు. సీటు ఖాళీగా ఉందా అని చూసి, ఉంటే పేరు రాసే ప్రోగ్రాంలో ఇద్దరికీ ఖాళీగానే కనిపించి ఇద్దరికీ టికెట్ వస్తుంది, పండిత్ నెహ్రూ బస్టాండ్‌లో గొడవ కండక్టర్ మీద పడుతుంది. బస్సు, తేదీ, సీటు మూడూ కలిసి ఒక్కసారే నమోదు కావాలన్న నిబంధనను డేటాబేస్‌కే అప్పగిస్తే రెండో నమోదు దానంతట అదే తిరస్కరణకు గురవుతుంది.

సరిగ్గా ఇక్కడే ఇంటర్వ్యూ చేసేవారు మెలిక పెడతారు: ఆ ప్రయాణికుడు సూర్యాపేటలో దిగిపోతే, అక్కడి నుంచి హైదరాబాద్‌కు అదే సీటును ఇంకొకరికి అమ్మవచ్చా? ఇప్పుడు పై నిబంధన చాలదు. సీటును స్టాపుల మధ్య ముక్కలుగా భావించి, కొత్త ప్రయాణం పాత ప్రయాణాల్లో దేనితోనైనా అతివ్యాప్తి చెందుతుందేమో ఒకే లావాదేవీలో చూడాలి. మొదట చెప్పిన జవాబు చెల్లకుండా పోవడం చూసి కంగారు పడనక్కర లేదు, మెలిక పెట్టడమే ఆ అంచె ఉద్దేశం. డబ్బు చెల్లిస్తుండగా సీటును ఎన్ని నిమిషాలు పట్టి ఉంచాలి, సంక్రాంతి ముందు రోజు రద్దీ వస్తే ఏది ముందు కూలుతుంది అన్నవి దాని తరువాత వస్తాయి. పెద్ద పెద్ద సాంకేతిక పదాలను వల్లించే వారికంటే, ఎంతమంది వాడతారు అని మొదట అడిగేవారే ఇక్కడ నెగ్గుతారు.

ఏడవ అడుగు: భాష, ప్రయాణం, వీడియో ఏర్పాట్లు

ఇంటర్వ్యూ ఆంగ్లంలోనే జరుగుతుంది. ఎదుటివారు తెలుగువారని ఇంటిపేరును బట్టి తెలిసినా వారు మార్చేదాకా మీరు తెలుగులోకి మారవద్దు, వారు మారితే మొహమాటపడవద్దు. వ్యాకరణం తడబడినందుకు ఎవరూ పంపేయరు గానీ వాక్యాన్ని మధ్యలో వదిలేస్తే అర్థం కాక పంపేస్తారు. ముందు తెలుగులో వివరించడం సాధన చేసి, అదే విషయాన్ని చిన్న చిన్న ఆంగ్ల వాక్యాల్లో మళ్ళీ చెప్పుకుంటే తడబాటు చాలా వరకు పోతుంది. సర్, మేడమ్ అనడం మన మర్యాద. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పేరు పెట్టి పిలవడం ఆనవాయితీ కనుక, వారే పేరుతో పిలవమంటే పిలవవచ్చు, నోరు రాకపోతే సర్ అన్నంత మాత్రాన తప్పు పట్టరు.

గన్నవరం దగ్గర కేసరపల్లిలోని మేధా టవర్స్, హెచ్‌సీఎల్ క్యాంపస్, మంగళగిరి కార్యాలయాలకైతే సిటీ బస్సులో వెళ్లిపోవచ్చు. ఎక్కువ పిలుపులు హైదరాబాద్ నుంచే వస్తాయి, అది విజయవాడకు సుమారు 275 కిలోమీటర్లు. రాత్రి బస్సు దిగి నేరుగా ఇంటర్వ్యూకు వెళ్లడం కుదిరే పనే గానీ నిద్రలేని బుర్రకు హ్యాష్ మ్యాప్ తట్టదు, వీలైతే ముందు రోజే చేరుకోవాలి. ఉదయమే దిగేవారు ఎల్‌బీ నగర్‌లో దిగి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో నీలి లైనుకు మారితే హైటెక్ సిటీ, రాయదుర్గం దాకా ట్రాఫిక్ బెడద లేకుండా చేరవచ్చు.

ఇంటి నుంచి వీడియోలో హాజరయ్యేవారికి వేరే జాగ్రత్తలు కావాలి. మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి మా వీధిలో కరెంటు పోయింది, ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంది గానీ రౌటర్ ఆగిపోయి సంభాషణ తెగిపోయింది. ఇన్వర్టర్‌కు ఫ్యాను, లైటు కలిపారో లేదో చూసుకుంటాం, రౌటర్ ప్లగ్ సంగతి ఎవరికీ గుర్తుండదు. మరో నెట్‌వర్క్ సిమ్ ఉన్న ఫోన్‌లో హాట్‌స్పాట్ సిద్ధంగా ఉంచుకోవాలి, రిక్రూటర్ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోవాలి. ఆ గంట మిక్సీ, కుక్కర్ ఆపమని అమ్మకు ముందే చెప్పడం కూడా ఏర్పాట్లలో భాగమే.

ఎనిమిదవ అడుగు: హెచ్‌ఆర్ అంచె, జీతం లెక్క

ఇక్కడ తెలివితేటల పరీక్ష ఉండదు గానీ అబద్ధాలు దొరికిపోయే చోటు ఇదే. చదువు మధ్య విరామం ఉంటే కారణాన్ని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకోవాలి. బెంగళూరు, చెన్నై వెళ్లగలరా, రాత్రి షిఫ్టు చేయగలరా అన్నప్పుడు ఇంట్లో అడిగి ఉన్న జవాబు ఇవ్వాలి. బృందంలో గొడవ వచ్చినప్పుడు ఏం చేశారు వంటి ప్రశ్నలకు పరిస్థితి, మీ బాధ్యత, మీరు చేసిన పని, వచ్చిన ఫలితం అనే వరుసలో ఒక నిజమైన సంఘటన చెప్పాలి. ‘మేము చేశాం’ అనే మాటల మధ్య మీరు చేసినది ఏదో వినిపించాలి.

జీతం దగ్గర మనవాళ్లు మోసపోయేది సీటీసీ, అంటే మీ మీద కంపెనీకి ఏడాదికి అయ్యే మొత్తం ఖర్చు, ఆ అంకె చూసే. ఏడాదికి 4,20,000 అంటే నెలకు 35,000 చేతికొస్తుందని ఇంట్లో చెప్పేస్తారు. ఒక సాధారణ విభజనను లెక్కిద్దాం. మూల వేతనం సగం, అంటే నెలకు 17,500. దాని మీద కంపెనీ కట్టే 12 శాతం పీఎఫ్ ఏడాదికి 25,200, గ్రాట్యుటీ పేరిట 4.81 శాతం చొప్పున 10,101, పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ సీటీసీలో 10 శాతం అయితే 42,000. ఇవన్నీ సీటీసీలోనే ఉంటాయి, నెలనెలా చేతికి రావు. మిగిలిన 3,42,699ను పన్నెండుతో భాగిస్తే 28,558. అందులోంచి మీ వాటా పీఎఫ్ 2,100, ఆంధ్రప్రదేశ్ వృత్తి పన్ను 200 పోతే చేతికి వచ్చేది 26,258 రూపాయలు. విభజన కంపెనీని బట్టి మారుతుంది కాబట్టి ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే ఆ పట్టిక అడిగి ఈ లెక్క వేసుకోవాలి.

అనుభవం ఉన్నవారు నోటీస్ పీరియడ్ ఎంతో సూటిగా చెప్పాలి, అది 90 రోజులైతే కొత్త కంపెనీ ఆగుతుందా, లేక డబ్బు కట్టి త్వరగా విడిపించుకుంటుందా అని అప్పుడే మాట్లాడుకోవాలి. సర్వీస్ అగ్రిమెంట్ ఉంటే ఎంత కాలం, ముందే మానేస్తే ఎంత కట్టాలి అన్నది చదవకుండా సంతకం చేయకూడదు. ఇక లేని అనుభవాన్ని కాగితాల మీద సృష్టించే కన్సల్టెన్సీల సంగతి: ఒక మనిషి పీఎఫ్ ఖాతాలన్నిటికీ యూఏఎన్ అనే నంబరు ఒక్కటే ఉంటుంది, ఎక్కడ ఎప్పుడు పనిచేశారో అందులో నమోదై ఉంటుంది. చేరిన కొన్ని నెలల తరువాత జరిగే పరిశీలనలో కూడా ఉద్యోగం పోవచ్చు.

తొమ్మిదవ అడుగు: ఆ తరువాత

మీ ప్రశ్నలేమైనా ఉన్నాయా అని చివరన అడిగినప్పుడు లేవు సర్ అని లేచిపోకండి. మొదటి మూడు నెలల్లో ఏ పని ఇస్తారు, రాసిన కోడ్‌ను ఎవరు సమీక్షిస్తారు అన్న రెండు ప్రశ్నలు ఎక్కడైనా అడగవచ్చు, జవాబులను బట్టి ఆ బృందం ఎలాంటిదో కూడా తెలుస్తుంది.

ఎంపికయ్యారు, ల్యాప్‌టాప్‌కు డిపాజిట్ కట్టండి, శిక్షణ రుసుము పంపండి అని ఎవరైనా అడిగితే అది ఉద్యోగం కాదు. నమ్మదగిన కంపెనీ అభ్యర్థి నుంచి రూపాయి తీసుకోదు. డబ్బు పంపేసిన వారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయాలి.

వారం దాటినా కబురు రాకపోతే రిక్రూటర్‌కు ఒక చిన్న మెయిల్ పంపవచ్చు. తిరస్కరిస్తే కారణం చెప్పరు, చాలా కంపెనీలకు అది నియమం. ఆరు నెలలో ఏడాదో గడిచాక మళ్ళీ దరఖాస్తు చేయనిస్తారు. అందుకే ఇంటర్వ్యూ ముగిసిన సాయంత్రమే, బస్సులో కూర్చున్నప్పుడైనా సరే, ఏయే ప్రశ్నలు వచ్చాయో, ఏ నిమిషంలో మాట ఆగిపోయిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. నా పాత నోట్‌బుక్‌లో మొదటి పేజీలో మూడే పదాలు ఉన్నాయి: పదిహేను నిమిషాలు, మౌనం.